లాప్‌టాప్‌కు బయటి డాక్ కావాలా?

"లాప్‌టాప్‌కి డాక్ తగిలిస్తే పాట బాగా వినిపిస్తుందట, కొనమంటారా?" అని పై తరగతుల పిల్లలు అడుగుతుంటారు. దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పలేం. పాట ఎక్కడ చెడుతోందో తెలిస్తే ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో మీకే తెలిసిపోతుంది. బదిలీల మీద తిరిగే ఇళ్లలో కొన్న ప్రతి వస్తువునూ మళ్లీ పెట్టెలో సర్దాల్సినవాళ్లం మనం. కాబట్టి కొనే ముందు ఆ చిన్న పెట్టె చేసే పని ఏమిటో చూద్దాం.

గాలిలో ఒత్తిడి పెరగడం, తగ్గడమే ధ్వని అని పాఠంలో చదువుకున్నారు. ఆ హెచ్చుతగ్గులను మైకు విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు ఎక్కడా తెగకుండా సాగే గీత లాంటిది. కంప్యూటరు మాత్రం అంకెలనే దాచుకోగలదు. అందుకని ఆ గీత ఎత్తును సెకనుకు కొన్ని వేల సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసిపెడతారు. జ్వరం వచ్చినవారికి గంటగంటకూ థర్మామీటరు పెట్టి చార్టు మీద వేసినట్టన్నమాట. ఒక్కో కొలతను శాంపిల్ అంటారు. గీతను అంకెలుగా మార్చే చిప్పు పేరు ఏడీసీ. వినేటప్పుడు ఆ అంకెలను తిరిగి విద్యుత్తు అలగా మార్చేది డాక్.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. డాక్ మీ లాప్‌టాప్‌లో ఇప్పటికే ఉంది. ఫోనులోనూ, టీవీలోనూ, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లోనూ ఉంది. అది లేకపోతే అవి నోరు విప్పలేవు. మనం కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నది రెండో డాక్ గురించి.

ఇక పెట్టె మీది అంకెలు. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీల కాంపాక్ట్ డిస్క్ అమ్మకానికి వచ్చినప్పుడు దానిలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచారు. ఆ అంకె ఎందుకంటే, ఒక అలను పూర్తిగా తిరిగి రాబట్టాలంటే దాని గరిష్ఠ పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలవాలి. హ్యారీ నైక్విస్ట్, క్లాడ్ షానన్ అనే ఇంజినీర్ల పేరుతో ఈ సూత్రం ప్రసిద్ధం. మనిషి చెవికి వినిపించేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకే. రెట్టింపు చేస్తే 40,000. దాని పైన కాస్త జాగా వదిలితే 44,100. ప్రతి కొలతనూ 16 బిట్లలో రాశారు, అంటే ఎత్తును 65,536 మెట్లుగా విభజించారు. ఒక్కో బిట్‌కు సుమారు 6 డెసిబెళ్ల చొప్పున, అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెళ్ల తేడా ఇందులో ఇముడుతుంది. ఫ్యాను తిరుగుతూ, కుక్కరు కూసే మన ఇళ్లకు అది చాలా ఎక్కువ.

ఇప్పుడు దుకాణంలో దొరికే డాక్‌ల మీద 32 బిట్లు, 384 కిలోహెర్ట్జ్ అని ఉంటుంది. ప్రకటనల్లో ఒక బొమ్మ కూడా వేస్తారు: తక్కువ శాంపిళ్లుంటే అల మెట్లు మెట్లుగానూ, ఎక్కువుంటే నున్నగానూ వచ్చినట్టు. ఆ బొమ్మ తప్పుదోవ పట్టిస్తుంది. డాక్ నుంచి బయటికి మెట్లు రావు. చిప్పులోని వడపోత వాటిని తుడిచేస్తుంది, 20,000 హెర్ట్జ్ లోపు ఉన్న అల 44,100 శాంపిళ్లతోనే తిరిగి వస్తుంది. 192 కిలోహెర్ట్జ్ వల్ల అదనంగా దొరికేది మనకు వినిపించని పౌనఃపున్యాలే. గబ్బిలానికైతే ఉపయోగపడతాయేమో! పైగా మీ దగ్గరున్నది 128 కిలోబిట్ల ఎమ్‌పీ3 ఫైలైతే, దాన్ని తయారుచేసేటప్పుడే కొంత శబ్ద సమాచారం తీసేశారు. తీసేసినదాన్ని ఎంత ఖరీదైన డాక్ అయినా తెచ్చి పెట్టలేదు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు ఉంటాయి కాబట్టి 128 అంటే అందులో పదకొండో వంతు. ముందు మంచి ఫైలు సంపాదించుకోండి. ఏమీ పోగొట్టకుండా కుదించే ఫ్లాక్ పద్ధతి ఉంది, లేదా ఎక్కువ బిట్లతో చేసిన ఎమ్‌పీ3 అయినా సరే.

ఫైలు బాగానే ఉండి కూడా పాట బాగా లేదనిపిస్తే, డబ్బు ఖర్చు లేని పరీక్షలు కొన్ని చేయండి. మొదట మీరు దేనితో వింటున్నారో చూడండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ అయితే ఇక ముందుకు పోనక్కర్లేదు. లాప్‌టాప్ దానికి అంకెలనే గాలిలో పంపుతుంది, మార్పిడి ఇయర్‌ఫోన్ లోపల జరుగుతుంది. లాప్‌టాప్‌కు గుచ్చిన డాక్ ఆ దారిలోనే లేదు. యూఎస్‌బీ పిన్ను ఉన్న హెడ్‌సెట్ సంగతీ అంతే, దాని డాక్ దానికే ఉంది. లాప్‌టాప్ సొంత స్పీకర్లతో వింటుంటే డాక్ వాటిని ముట్టనే ముట్టదు. ఆ బక్క స్పీకర్లలో మృదంగం గుమ్మని మోగదు, దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

వైరున్న ఇయర్‌ఫోన్ అయితే, అదే ఇయర్‌ఫోన్‌తో అదే ఫైలును మరో ఫోనులోనో, స్నేహితుడి లాప్‌టాప్‌లోనో వినండి. అక్కడా అలాగే ఉంటే తప్పు ఇయర్‌ఫోన్‌ది. కొనాల్సింది ఇయర్‌ఫోనే. నా అనుభవంలో ఎక్కువమందికి ఇక్కడే సమాధానం దొరుకుతుంది. శబ్దాన్ని గాలిలోకి పంపే చివరి వస్తువులో ఉన్నంత తేడా డాక్‌ల మధ్య ఉండదు. వేరేచోట బాగుండి మీ లాప్‌టాప్‌లోనే గీమని చప్పుడొస్తుంటే ఛార్జరు తీసి చూడండి. తీయగానే పోతే ఛార్జరు వైపు నుంచి వస్తోంది. మౌస్ కదిపినప్పుడో, పెద్ద ఫైలు తెరిచినప్పుడో చప్పుడు మారుతుంటే లాప్‌టాప్ లోపలి సర్క్యూట్ల రొద హెడ్‌ఫోన్ దారిలోకి చొరబడుతోంది. సౌండ్ సెట్టింగుల్లో "ఎన్‌హాన్స్‌మెంట్స్" అని ఉన్నవాటిని ఒకసారి ఆపి కూడా చూడండి. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండటానికి ఒక్కోసారి అదే కారణం.

లోపలి రొద తేలినప్పుడు బయటి డాక్ నిజంగా పనికొస్తుంది. లాప్‌టాప్ సర్క్యూట్ల గుంపు నుంచి దూరంగా, వైరు చివర మార్పిడి జరుగుతుంది కాబట్టి రొద తగ్గుతుంది. హెడ్‌ఫోన్ జాక్ వదులై, కదిపితే ఒక చెవిలో పాట పోయేవారికీ ఇది మంచి దారి. మదర్‌బోర్డు రిపేరు కన్నా చవక. ఇందుకు పెద్ద పెట్టె అక్కర్లేదు. వేలెడంత వైరుకు ఒకవైపు యూఎస్‌బీ-సీ పిన్ను, రెండోవైపు 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉండేవి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ దొరుకుతాయి. ఆపిల్ కంపెనీ అమ్మే చిన్న అడాప్టరు లోపల కూడా ఉన్నది డాకే. కొనేటప్పుడు ఒకటి అడగండి: "ఇందులో డాక్ ఉందా?" అచ్చం ఇలాగే కనిపించే చవకరకం అడాప్టర్లు కొన్నింటిలో వైర్లు తప్ప ఏమీ ఉండవు. కొన్ని ఫోన్లకే అవి పనిచేస్తాయి, లాప్‌టాప్‌కు గుచ్చితే ఉలుకూ పలుకూ ఉండదు.

రెండో సందర్భం పెద్ద హెడ్‌ఫోన్లది. ఇక్కడ మీ భౌతికశాస్త్రం అక్కరకొస్తుంది. మామూలు ఇయర్‌ఫోన్ల నిరోధం 16 లేదా 32 ఓములు. స్టూడియోల్లో వాడే సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటివి 300 ఓములు. సామర్థ్యం అంటే వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించగా వచ్చేది కదా. లాప్‌టాప్ 1 వోల్టు ఇస్తుందనుకోండి. 32 ఓముల ఇయర్‌ఫోన్‌కు 31 మిల్లీవాట్లు అందుతాయి, 300 ఓముల దానికి 3.3 మిల్లీవాట్లే. అందుకే పెద్ద హెడ్‌ఫోన్ కొన్నవారికి శబ్దం చాలలేదనిపిస్తుంది. వారికి కావలసింది ఎక్కువ వోల్టేజి ఇచ్చే ఆంప్లిఫయరు ఉన్న డాక్. మిగతావారు ఆ ఊసే ఎత్తనక్కర్లేదు. తక్కువ ఓముల ఇయర్‌ఫోన్ ఉన్నవారు దీనికి ఎదురుదిశలో ఒకటి చూసుకోవాలి. డాక్ వివరాల్లో "ఔట్‌పుట్ ఇంపిడెన్స్" అనే అంకె ఉంటుంది. అది ఇయర్‌ఫోన్ నిరోధంలో ఎనిమిదో వంతు మించకూడదని వాడుకలో ఉన్న లెక్క. 32 ఓములకు 4 లోపు ఉంటే సరి. మించితే కొన్ని ఇయర్‌ఫోన్లలో స్వరాల హెచ్చుతగ్గులు మారిపోతాయి. పెట్టె మీది 384 కన్నా ఈ చిన్న అంకె విలువైనది. దాన్ని అట్ట మీద పెద్దక్షరాల్లో వేయరు, వెతుక్కోవాలి.

పాత లాప్‌టాప్ ఉన్నవారికి మరో మాట. ఎక్కువ శాంపిళ్లు పంపే యూఎస్‌బీ ఆడియో రెండో తరం పద్ధతిని విండోస్ సొంతంగా గుర్తించడం 2017లో వచ్చిన విండోస్ 10 మార్పుతోనే మొదలైంది. అంతకుముందు విండోస్ ఉంటే కంపెనీ ఇచ్చే డ్రైవరు వేసుకోవాలి. లైనక్స్, మాక్‌లకు ఆ బాధ అప్పటికే లేదు.

పోర్టబుల్ ప్లేయరు మాటేమిటి? ఫోను ఉండగా అది దండగ అంటారు చాలామంది. నగరంలో స్థిరంగా ఉండేవారి విషయంలో ఆ మాట ఒప్పుకోవచ్చు. మన సంగతి కాస్త వేరు. డిబ్రూగఢ్ నుంచి విశాఖపట్నం, విజయవాడల మీదుగా కన్యాకుమారి పోయే వివేక్ ఎక్స్‌ప్రెస్‌లో సెలవులకు ఇంటికి వెళ్లే పిల్లలుంటారు. దారిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు. ఇంటర్నెట్‌లో పాటలు వినే అలవాటున్నవారికి అక్కడ ఏమీ మోగదు. మెమరీ కార్డు పెట్టుకునే ప్లేయరులో పాటలన్నీ చేతిలో ఉంటాయి, ఫోను ఛార్జింగు మిగులుతుంది, పరీక్షల ముందు ఫోను పక్కన పెట్టమని అమ్మ చెప్పినా పాట ఆగదు. కొన్ని ప్లేయర్లను యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కు కలిపితే అవే డాక్‌గా పనిచేస్తాయి. ఒకే వస్తువు రెండు పనులు చేస్తుంది కాబట్టి రెండూ కావాలనుకునేవారికి నా ఓటు దీనికే. "యూఎస్‌బీ డాక్ మోడ్" ఉందో లేదో మాత్రం కొనేముందే చూడాలి, అన్నిటిలో ఉండదు. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ అది నీరసిస్తుంది. సాదా డాక్‌కు ఆ చింత లేదు, లాప్‌టాప్ ఇచ్చే కరెంటుతోనే నడుస్తుంది.

ఇంతవరకూ అంకెల నుంచి శబ్దానికి వచ్చే దారి చూశాం. శబ్దం నుంచి అంకెలకు పోయే దారి గురించి ఎవరూ అడగరు. మనలాంటి ఇళ్లలో బయటి పరికరం అసలైన అవసరం అక్కడే ఉందని నా అభిప్రాయం. ఊళ్లో తాతయ్య అటక మీద క్యాసెట్లు ఉంటాయి. అమ్మమ్మ పాడిన పెళ్లిపాటలు, తాతయ్య చదివిన పద్యాలు, గుడిలో జరిగిన హరికథ, దూరదేశం వెళ్లిన మామయ్య ఉత్తరానికి బదులు గొంతు నింపి పంపిన క్యాసెట్. ఊరికి దూరంగా పెరుగుతున్న మీకు ఆ యాస, ఆ మాటతీరు దొరికే చోటు అదొక్కటే కావచ్చు. పాట మరోచోట దొరుకుతుంది, ఆ గొంతు దొరకదు.

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు అరగంట, అంటే లోపల సుమారు 86 మీటర్ల టేపు చుట్టి ఉంటుంది. ప్లాస్టిక్ మీద పూసిన అయస్కాంతపు పొడిలో ఉంది ఆ గొంతు. ఎండకూ, తేమకూ ఆ పూత పాడవుతుంది, బూజు పడుతుంది. టేప్ రికార్డర్లు బాగుచేసేవారూ తగ్గిపోతున్నారు.

ఈ పనికి లాప్‌టాప్ జాక్ సరిపోదు. ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ఒకటే జాక్, వినడానికీ మైకుకీ అదే. దాని మైకు దారి ఒకే ఛానలుది, కొన్ని మిల్లీవోల్టుల సంకేతం కోసం చేసినది. టేప్ రికార్డరు "లైన్ ఔట్" నుంచి వచ్చేది దానికి సుమారు వంద రెట్లు. అలాగే కలిపితే అల నెత్తి తెగిపోయి గొంతు బొంగురుగా, చిట్లినట్టు నమోదవుతుంది. అలా తెగిన అలను తర్వాత సరిచేయలేం. కాబట్టి "లైన్ ఇన్" ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. పైన చెప్పిన వేలెడంత డాక్‌లలో ఇది ఉండదు. బెహ్రింగర్ కంపెనీ యూసీఏ202 లాంటి చిన్న పెట్టెలు ఈ పనికి చాలు. 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వరకు నమోదు చేస్తుంది, హెడ్‌ఫోన్ జాక్ కూడా ఉంది కాబట్టి వినడానికీ పనికొస్తుంది. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ ఉండాలంటుంది. వీలుంటే అలాంటిదే కొనండి. లేకపోతే ఆగిపోవద్దు. క్యాసెట్ సొంత సరసర శబ్దం 16 బిట్ల పరిధి కన్నా చాలా పైనే ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచేయండి. అవి లేకపోతే రికార్డు మీట నొక్కినా పడదు, పొరపాటున గొంతు చెరిగిపోయే ప్రమాదం తప్పుతుంది. టేప్ రికార్డరు హెడ్‌ను దూదితో, ఐసోప్రొపిల్ ఆల్కహాలుతో తుడవండి. క్యాసెట్‌ను ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి తిప్పితే అతుక్కున్న పొరలు వదులవుతాయి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేస్తూ, కొలత పట్టీ ఎంత పెద్ద శబ్దానికైనా మైనస్ 6 డెసిబెళ్లు దాటకుండా చూసుకోండి. సరసర తగ్గించే పని తర్వాత ఒక నకలు మీద చేయండి, అసలు రికార్డింగును ముట్టుకోవద్దు. స్థలం లెక్క మీరే వేయవచ్చు: 48,000 శాంపిళ్లు, ఒక్కోటి 3 బైట్లు, రెండు ఛానళ్లు. సెకనుకు 2,88,000 బైట్లు, గంటకు సుమారు 1.04 జీబీ. ఫ్లాక్‌గా కుదిస్తే ఇంకా తగ్గుతుంది. పాతిక క్యాసెట్లు 32 జీబీ పెన్‌డ్రైవులో పట్టేస్తాయి. ఒకటి మీ దగ్గర, మరొకటి ఊళ్లో ఉంచండి. సామాను లారీలో రెండూ ఒకే పెట్టెలో వెళ్లకూడదు.

వినడం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. శక్తిగల డాక్ చిన్న ఇయర్‌ఫోన్‌ను చెవికి హాని చేసేంత గట్టిగా మోగించగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 75 డెసిబెళ్లు. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగితే సమయం సగానికి తగ్గించాలి, అంటే 78 అయితే 20 గంటలు, 81 అయితే 10. కొత్త డాక్ గుచ్చినప్పుడు వాల్యూమ్ ముందు పూర్తిగా తగ్గించి, ఆ తర్వాతే ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోండి.

సెలవులకు ఊరెళ్లినప్పుడు క్యాసెట్లు ఎక్కించాలనుకుంటే ఇంటర్‌ఫేస్‌తో పాటు దాని రెండు పిన్నుల వైరు కూడా సంచిలో వేసుకోండి, పల్లెలో అది దొరకదు. ఎక్కించేటప్పుడు నాయనమ్మనో, అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ పండుగ, సుమారు ఏ సంవత్సరం అని అడిగి ఫైలు పేరులోనే రాయండి. క్యాసెట్ అట్ట మీద ఉత్త "పాటలు" అని ఉంటే, అందులో వెనక నవ్వుతున్న పసిపిల్ల మీ అమ్మో కాదో చెప్పగలిగేది వాళ్లే.